డిగ్రీ చేతికొచ్చింది... పాసుపుస్తకం పదిలమేనా?

విదేశీ ఫైనాన్స్ కొలువులు: బయలుదేరే ముందు తెలుసుకోవలసిన లెక్కలు

మర్పల్లి: పల్లెల్లో ‘ఫైనాన్స్’ అనగానే గుర్తుకు వచ్చేది మోటారు సైకిలు కిస్తీ తప్పితే ఇంటి ముందుకొచ్చి బండి తీసుకుపోయే మనుషులే. కానీ ఆ మాటకు మరో అర్థం ఉన్నది. కంపెనీల జమాఖర్చులు రాయడం, వాటిని తనిఖీ చేయడం, పన్నులు కట్టించడం, పెట్టుబడిలో లాభనష్టాలను ముందుగా అంచనా వేయడం ఫైనాన్స్ ఉద్యోగుల పని. బి.కాం. పూర్తి చేసిన గ్రామీణ యువతీ యువకులు కొందరు ఈ కొలువుల కోసం దుబాయి, లండన్, అమెరికాల వైపు చూస్తున్నారు.

కంది, పత్తి పంటలే ఆధారమైన ఈ ప్రాంతంలో పిల్లలను విదేశానికి పంపడం చిన్న సంగతి కాదు. కొలువు దొరికితే ఇల్లు నిలబడుతుంది. దొరకకపోతే తాతల నాటి చెలక చేజారుతుంది. లెక్కల ఉద్యోగానికి వెళ్లేవారు మొదటి లెక్క ఇంట్లోనే వేసుకోవాలి.

అప్పు లెక్క ఇదీ

విద్యారుణం 7 లక్షల 50 వేలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి పూచీ అడుగుతాయి. పంట పొలాన్ని చాలా బ్యాంకులు పూచీగా ఒప్పుకోవు. ఇల్లో, ప్లాటో, డిపాజిట్టో చూపాలి. అవి లేని రైతు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు.

ఉదాహరణకు 20 లక్షల అప్పు చూద్దాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలనెలా 40 వేలు వడ్డీకే పోతుంది, అసలులో పైసా తగ్గదు. అదే మొత్తం బ్యాంకులో ఏడాదికి నూటికి 11 వంతున తీసుకుంటే, రెండేళ్ల చదువు కాలంలో 4 లక్షల 40 వేల వడ్డీ పేరుకుంటుంది. ఆ తరువాత పదేళ్ల పాటు నెలకు దాదాపు 33 వేల 600 రూపాయల కిస్తీ కట్టాలి. కొలువు వచ్చినా రాకపోయినా కిస్తీ ఆగదు.

పేద విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ పథకాలున్నాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల వరకు సాయం ఇవ్వడానికి వీలున్నది. అయితే డబ్బు ఖాతాలో పడకముందే దాన్ని నమ్ముకుని ఫీజు గడువులు ఒప్పుకోవడం మంచిది కాదు.

గల్ఫ్‌లో జమాఖర్చుల పని

గల్ఫ్ అంటే కూలి పనే అన్న అభిప్రాయం పాతబడింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2018 జనవరి 1 నుంచి నూటికి 5 వంతున వ్యాట్ వచ్చింది. 2023 జూన్ నుంచి కంపెనీల లాభాలపై నూటికి 9 వంతున పన్ను మొదలైంది. దానితో చిన్న దుకాణదారుకు కూడా లెక్కలు రాసేవాడి అవసరం పడింది. మన దగ్గర జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసి, ట్యాలీపై చేయి తిరిగిన వారికి ఆ పని కొత్తేమీ కాదు. అందుకే డిగ్రీ పట్టా ఒక్కటే పట్టుకుని వెళ్లేకంటే, వికారాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో ఒక ఆడిటర్ వద్ద రెండేళ్లు పని నేర్చుకుని వెళ్లడం మేలు.

లండన్, అమెరికా దారి

ఇక్కడ ముందు చదువు, ఆ తరువాతే కొలువు. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ పూర్తి చేసినవారు రెండేళ్లు అక్కడే ఉండి పని వెతుక్కునే వీలు 2021లో కల్పించారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి దాన్ని 18 నెలలకు కుదించాలని నిర్ణయించారు.

అమెరికాలో చదువు ముగిశాక 12 నెలలు పని చేసే అనుమతి లభిస్తుంది. ఆ కాలంలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండరాదు. గణితం, కంప్యూటర్ పాలు ఎక్కువగా ఉండి, అక్కడి ప్రభుత్వ జాబితాకెక్కిన కోర్సులకు మరో 24 నెలలు కలుస్తాయి. ఫైనాన్స్ కోర్సులన్నీ ఆ జాబితాలో లేవు. పేరు ఒకటే అయినా కోడ్ నంబరు వేరుగా ఉంటే రెండేళ్లు తేడా వస్తుంది. ఫీజు కట్టకముందే ఆ నంబరు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఆ తరువాత కావలసిన హెచ్1బి వీసాలు ఏటా 85 వేలకే పరిమితం. తెలివితో పాటు అదృష్టమూ కలిసి రావాలి.

అమ్మకాలతో మొదలైన జీవితం

హైదరాబాద్‌లో 1950లో పుట్టిన ప్రేమ్ వత్స కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. మద్రాసు ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, 1972లో అన్న ఉన్న కెనడాకు వెళ్లారు. ఎయిర్ కండిషనర్లు, ఇల్లు వెచ్చబెట్టే యంత్రాలు అమ్ముకుంటూ ఎంబీఏ పూర్తి చేశారు. 1974లో టొరంటోలోని ఒక బీమా కంపెనీలో పెట్టుబడుల విభాగంలో చిన్న ఉద్యోగిగా చేరి, సుమారు తొమ్మిదేళ్లు అక్కడే పని నేర్చుకున్నారు. 1985లో నష్టాల్లో ఉన్న మరో బీమా సంస్థను చేపట్టారు. అదే నేటి ఫెయిర్‌ఫాక్స్. 2020లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. అందరికీ ఆ స్థాయి అందకపోవచ్చు. కానీ సొంత సంస్థకు ముందు ఆయన గడిపిన ఆ తొమ్మిదేళ్లు గమనించదగినవి.

పట్నంలోనే మొదటి మెట్టు

మర్పల్లి స్టేషన్‌లో రైలెక్కి పట్నం చేరితే, గచ్చిబౌలి పరిసరాల్లో జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, హెచ్ఎస్‌బీసీ, గోల్డ్‌మన్ సాక్స్ వంటి విదేశీ బ్యాంకుల కార్యాలయాలున్నాయి. అక్కడి లెక్కల్లో చాలా భాగం ఇక్కడ కూర్చునే చేస్తున్నారు. ఇక్కడ అనుభవం గడించినవారికి విదేశీ దారి సులువవుతుంది.

సి.ఏ. చదువు మరో దారి. దీనికి భూమి అమ్మనక్కరలేదు. శిక్షణ కాలాన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. ఆ కాలంలో కొంత భృతి కూడా ఇస్తారు. పరీక్షలు మాత్రం కఠినం. బ్రిటన్‌కు చెందిన ఏసీసీఏలో 13 పేపర్లు ఉంటాయి. బి.కాం. వారికి కొన్ని పేపర్ల మినహాయింపు దొరుకుతుంది.

దళారులతో జాగ్రత్త

పది ప్యాసైనవారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఉండదు కనుక వారికి వలస అధికారి అనుమతి అక్కరలేదు. దీనివల్ల తిరుగుడు తప్పుతుంది కానీ, వెళ్లే ముందు కొలువు పత్రాన్ని సర్కారు తరఫున చూసేవారూ ఉండరు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. నమోదైన ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదు. లక్షలు అడిగేవాడిని అనుమానించాలి. ‘ముందు విజిట్ వీసాపై వెళ్లు, తరువాత చూసుకుందాం’ అనే మాట నమ్మరాదు. ఆ వీసాపై కొలువు చేయడం ఎమిరేట్స్ చట్టరీత్యా నేరం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్ నుంచి విదేశీ కొలువులకు అభ్యర్థులను పంపుతున్నది. దళారికి చేయి తడపకముందు అక్కడ విచారించడం మంచిది.

ఈ సంగతులు పల్లెలకు సకాలంలో చేరాలి. ఇంటర్ రెండో ఏడాదిలోనే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు మండల కేంద్రంలో ఒక రోజు అవగాహన సదస్సు పెట్టి, బ్యాంకు మేనేజరు, ఒక ఆడిటర్, సంక్షేమ శాఖ అధికారి వచ్చి వివరిస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఖర్చు టీ నీళ్లకు మించదు. పాసుపుస్తకం తాకట్టుకు పోకముందే అధికారులు ఈ దిశగా చొరవ తీసుకోవాలి.