గైడు వాక్యమూ, విద్యార్థి వాక్యమూ: హైస్కూలు ఇంగ్లీషు క్లాసులో సాహిత్య ప్రతిస్పందన

ముప్పై ఎనిమిది నోటుబుక్కులు. పదో తరగతి ఇంగ్లీషు. కథ చదివి మీ ప్రతిస్పందన రాయండి అని ప్రశ్న. ముప్పై ఎనిమిది మందీ ఒకే వాక్యంతో మొదలుపెట్టారు. ఈ కథ స్త్రీ సాధికారతను బోధిస్తున్నది అని దాని అర్థం. మూడో పంక్తిలో ‘ఐడెంటిటీ’ అన్న మాటకు ఒక అక్షరం జారిపోయింది. అన్ని నోటుబుక్కుల్లోనూ అదే అక్షరం జారిపోయింది. గైడు తీసి చూస్తే, అక్కడా లేదు.

నేను తెలుగు ఎం.ఏ. చదివి తెలుగు చెప్పుకునేవాణ్ని. మా హైస్కూల్లో ఇంగ్లీషు పోస్టు ఖాళీగా ఉన్న రెండేళ్లు ఆ క్లాసులు నామీద పడ్డాయి. అందువల్ల ఈ విషయంలో నాకున్న అధికారం బహు స్వల్పం. అయితే తెలుగు క్లాసులో ఇన్నేళ్లుగా నేను గమనించకుండా దాటేసిన ఒక సంగతి, పరాయి భాష క్లాసులో నగ్నంగా కనబడింది. పిల్లలు రాసేది ప్రతిస్పందన కాదు, దాని నకలు. ఈ నకళ్ల వ్యవహారం ఒక్క హైస్కూలుతో ఆగడం లేదు కనుకనే ఈ పత్రిక పాఠకుల ముందు పెడుతున్నాను.

నకలు రాసింది ఏ కథ మీదో కూడా చెప్పాలి. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’. 2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో అది అనువాదంగా, ‘వాట్ ఈజ్ మై నేమ్’ అన్న శీర్షికతో చేరింది. తెలుగు ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన కథ. ఆ పేరు కోసం ఆమె కనబడ్డవాళ్లనల్లా అడుగుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలి నోట దొరుకుతుంది. తెలుగులో పుట్టిన ఆ కథ ఇంగ్లీషులోకి పోయి, తిరిగి తెలుగు పిల్లల దగ్గరికే వచ్చింది. పిల్లలేమో దాని గురించి గైడు ఇంగ్లీషులో కంఠస్థం చేసిన జవాబు రాస్తున్నారు. తమ ఇంటి సంగతి తమకే అక్కరకు రాకుండా పోవడానికి ఇంతకంటె ఉదాహరణ ఏం కావాలి?

దీనికి పిల్లల్ని తిట్టి లాభం లేదు. 1835లో మెకాలే మినిట్ నాటికే మన దేశంలో ఇంగ్లీషు చదువు పాలనావసరంగా పాతుకుంటున్నది. ఇంగ్లీషు సాహిత్యం ఒక పాఠ్యాంశంగా ఇంగ్లండులో కంటె ముందు ఇక్కడే వ్యవస్థీకృతమైందని గౌరీ విశ్వనాథన్ ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’ (1989)లో వివరించారు. ఆ చదువులో విద్యార్థి పని స్వీకరించడం. అర్థం పుస్తకంలో ఉంటుంది, దాన్ని పంతులు విప్పుతాడు, కుర్రవాడు అప్పజెపుతాడు. మన సందర్భసహిత వ్యాఖ్యలూ, పద్యానికి తాత్పర్యాలూ ఈ చట్రంలో సులభంగానే ఇమిడిపోయాయి. ‘మీకేమనిపించింది’ అన్న ప్రశ్న అందులో లేదు.

ఆ ప్రశ్న తర్వాత వచ్చింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక ‘పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు’ అనే అంశానికి విడిగా మార్కులు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని మార్కులు ఉన్నచోట గైడు ఉంటుంది. కొద్ది కాలంలోనే ప్రతిస్పందనలు కూడా అచ్చయి, బస్టాండు పక్క పుస్తకాల కొట్లో అమ్మకానికి వచ్చాయి.

ఇంతకీ ప్రతిస్పందన అంటే ఏమిటి? ఈ ప్రశ్నను శాస్త్రీయంగా పట్టుకున్నవారిలో ఐ.ఏ. రిచర్డ్స్ ముఖ్యుడు. 1920లలో కేంబ్రిడ్జిలో ఆయన కవుల పేర్లు తీసేసి కవితలు విద్యార్థుల చేతికిచ్చి, తోచింది రాయమన్నాడు. ఆ రాతల్ని విశ్లేషించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ ప్రకటించాడు. పేరు తెలియకపోయేసరికి ఉన్నత విద్యావంతులు కూడా తడబడ్డారు. పదాల సాదా అర్థమే కొందరికి అందలేదు. మరికొందరు కవితను చూడకుండానే, తమలో ముందే తయారుగా ఉన్న భావాన్ని దానిమీద పరిచారు. వీటినే ఆయన ‘స్టాక్ రెస్పాన్సెస్’ అన్నాడు. నిలవ స్పందనలు అనుకోవచ్చు. అమ్మ అనగానే త్యాగం, పల్లె అనగానే అమాయకత్వం ఎలా ఊడిపడతాయో అలా.

రిచర్డ్స్ దృష్టి ప్రధానంగా పొరపాట్ల మీద ఉంది. అమెరికాలో లూయీ రోజెన్‌బ్లాట్ 1938లోనే ‘లిటరేచర్ యాజ్ ఎక్స్‌ప్లొరేషన్’లో మరో చివర నుంచి బయలుదేరింది. పాఠకుడు తెచ్చుకునే జీవితం దోషం కాదు, పెట్టుబడి. కృతి అనేది పాఠానికీ పాఠకుడికీ నడుమ జరిగే వ్యవహారంలో పుడుతుంది అన్నది ఆమె సిద్ధాంతం. 1978 నాటి పుస్తకంలో ఆమె ఒక తల్లిని చూపిస్తుంది. బిడ్డ విషం మింగింది. తల్లి సీసా మీది చీటీలో విరుగుడు కోసం వెతుకుతున్నది. ఆ చదువులో మిగిలేది సమాచారం, చదువుతున్న క్షణం కాదు. కథను అలా చదివితే కథ మిగలదు. మన పరీక్షలు పిల్లల చేత కథల్ని విషం సీసా చీటీల్లాగే చదివిస్తున్నాయి.

అయితే రోజెన్‌బ్లాట్‌ను సగమే చదివి ‘ఎవరికి తోచింది వారిది’ అనేవాళ్లున్నారు. ఆమె అలా అనలేదు. పాఠకుడి స్పందనను పాఠం అడ్డుకుంటుంది, దిద్దుతుంది. మాటలు ఒప్పుకోని అర్థం నిలవదు. మన ఆలంకారికులు సహృదయుణ్ణి చెప్పేటప్పుడు కావ్యాభ్యాసంతో నిర్మలమైన మనసనే అద్దాన్ని కోరారు. నా క్లాసులో అద్దాలు లేవు. మిరపతోటల్లో కాయకోసి వచ్చినవాళ్లూ, మేస్త్రీల వెంట పోయి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మనసుల మీది ధూళి తుడిచేస్తే పోయేది మాలిన్యం కాదు, అనుభవం.

నోటుబుక్కులు తిరిగి ఇచ్చేసి, మళ్లీ రాయమన్నాను. ఈసారి కథ పైకి చదివి, ‘ఎక్కడ ఆగారు?’ అని మాత్రమే అడిగాను. ఏ వాక్యం దగ్గర ఆగారో దాన్ని రాయండి, ఎందుకు ఆగారో నాలుగు ముక్కలు రాయండి, తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు క్లాసులో తెలుగా అని పిల్లలే గుసగుసలు పోయారు. తర్వాత ఒక తనిఖీ అధికారి ఆ పుస్తకాల్లో తెలుగు చూసి రిమార్కు కూడా రాశారు. కాని పదిహేనేళ్ల పిల్లకు ఆలోచన ఒక భాషలో ఉండి, జవాబు ఇంకో భాషలో అడిగితే, ఆమె రెండిటి మధ్య ఉన్న గైడును అందుకుంటుంది. దోవలో అదొక్కటే వంతెన మరి!

ఒకమ్మాయి ఇలా రాసింది: మా రేషన్ కార్డు మీద మొదటి పేరు మా అమ్మదే. ఇంట్లో ఆ పేరు ఎవరూ అనరు. నాన్న ‘ఇదిగో’ అంటాడు. డీలరు ఒక్కడే నెలకోసారి పేరు పెట్టి పిలుస్తాడు.

జాతీయ ఆహార భద్రతా చట్టం (2013) రేషన్ కార్డుకు ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద స్త్రీని గుర్తించమంటుంది. ఆ చట్టం సంగతి ఆ పిల్లకు తెలియదు. చట్టం ఇచ్చిన పేరుకూ ఇల్లు మింగేసిన పేరుకూ నడుమ ఉన్న దూరం తెలిసింది. కథలో లేని డీలరు కథను వెలిగించాడు. ‘సాధికారత’ అన్న మాట ఆ నాలుగు ముక్కల్లో ఎక్కడా లేదు.

అందరూ ఇలా రాశారని చెబితే అబద్ధం. ఒకడు తన అత్త కాపురం గురించి రెండు పేజీలు రాసి మళ్లీ కథ ముఖం చూడలేదు. అది స్పందనే, సాహిత్య ప్రతిస్పందన కాదు. చాలామంది ఒక వాక్యంతో సరిపెట్టారు. ఇంకొకడు, ఇల్లు వదిలి పోవడం తప్పు, ఆమెకు బాధ్యత లేదు అని రాశాడు.

ఇక్కడ నాకు ఇబ్బంది వచ్చింది. నా అభిప్రాయం ఏమిటో పిల్లలకు తెలుసు. వాడికి మార్కులు కోస్తే రేపటినుంచి క్లాసంతా నాకు నచ్చే అభిప్రాయాలే రాస్తుంది. అప్పుడు గైడుకు బదులు నేను ఉంటాను. ‘ఆమె ఎందుకు పోయింది? కథలో చూపించు’ అన్నాను. మరునాడు ఇంకో నాలుగు పంక్తులు చేర్చాడు. పోవడం తప్పే, కాని ఇంట్లో అందర్నీ ముందు అడిగింది, ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే పోయేది కాదు అని. అభిప్రాయం మార్చుకోలేదు. అయినా పూర్తి మార్కులు వేశాను. నా సహోపాధ్యాయుడొకాయన ఇది ఉదారవాదమన్నాడు. కావచ్చు. కాని ఆ కుర్రవాడు పితృస్వామ్యం అన్న మాట గైడులోంచి ఎత్తి రాసి ఉంటే అది చైతన్యమయ్యేదా?

అదే వాచకంలో అరుణాచల్ రచయిత యేషే దోర్జీ థోంగ్చి కథ ‘ద జర్నీ’ ఉంది. చదువుకున్న కొడుకు పెట్టెను తండ్రి మోస్తాడు. తండ్రి హమాలీగా పనిచేసే పిల్లవాడొకడు ఒకే ప్రశ్న రాశాడు: పెట్టె తండ్రి మీదికి ఎవరు ఎత్తారు? బస్తా వీపుకెక్కాలంటే ఇంకొకడు చెయ్యి వెయ్యాలని వాడికి తెలుసు. ఆ ఒక్క ప్రశ్న కోసం క్లాసంతా పాఠం మళ్లీ చదివింది. శ్రమ గౌరవం మీద నేను చేసిన ఉపన్యాసాలేవీ ఆ పని చేయలేదు.

ఇప్పుడు మన సంగతి. మన పత్రికల్లో వచ్చే సమీక్షల్ని, నావి కలుపుకొని, ఈ కొలతతో చూడండి. ఈ కథ అట్టడుగు వర్గాల పక్షాన నిలబడింది, రచయిత నిబద్ధత ప్రశంసనీయం, శిల్పం మీద మరింత శ్రద్ధ పెట్టాలి. పుస్తకం పేరు మార్చి ఈ మూడు ముక్కలూ ఏ సంపుటికైనా అతికించవచ్చు. ఇవి మన నిలవ స్పందనలు. మన భావాలు సరైనవి కావడం వల్ల మనం చదివామని రుజువు కాదు. సమీక్షకుడు ఏ వాక్యం దగ్గర ఆగాడో చెప్పని సమీక్ష, ఆ ముప్పై ఎనిమిది నోటుబుక్కుల పక్కన ముప్పై తొమ్మిదోది. కొత్తగా రాస్తున్నవాళ్లకు దానివల్ల ఒరిగేదీ లేదు.

రేషన్ కార్డు అమ్మాయి తన ముక్కల్ని ఇంగ్లీషులో పెట్టడానికి వారం పట్టింది. ‘ఇదిగో’ దగ్గర ఆగిపోయింది. డిక్షనరీలో దొరికినవేవీ నాన్న గొంతులా లేవంది. చివరికి ‘ఇదిగో’ను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచి, తర్వాతి వాక్యంలో అది పేరు కాదని రాసింది. కాలాలూ వచనాలూ తప్పులున్నాయి. ఎర్ర సిరాతో రెండే దిద్దాను. మిగతావి దిద్దితే వాక్యం నాదైపోతుందేమోనని భయం వేసింది. అవి దిద్దకుండా వదిలినందుకూ ఆ అధికారి రిమార్కు రాశారు. ఆ విషయంలో ఆయనది పూర్తిగా తప్పని చెప్పలేను; పబ్లిక్ పరీక్ష పేపరు దిద్దేవాడికి ఆ పిల్ల అమ్మ పేరు తెలియదు గదా!