పరుల నేలలో పేటిక



పరుల సొత్తును అడుగక తీసికొనుట దొంగతనమని మనకందరకు తెలియును. పరుల నేలలో అడుగక ఒక వస్తువును పెట్టి పోవుట యెట్టిదో నేడు విచారింతము.

ఈ విచారమునకు కారణము జియోకాషింగు అను క్రొత్త వినోదము. ఆడువాడు ఒక చిన్న పెట్టెలో పేర్లు వ్రాయుటకు పుస్తకమొకటి ఉంచి, చెట్టుతొర్రలోనో రాతిసందుననో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటించును. ఇతరులు ఉపగ్రహముల సంకేతము నందుకొను ఫోనుతో ఆ చోటు కనుగొని, పుస్తకములో చేవ్రాలు చేసి, పెట్టెను యథాస్థానమున నుంచి పోవుదురు. 2000 మే నెల మొదట అమెరికా ప్రభుత్వము ఆ సంకేతములలో తాను బుద్ధిపూర్వకముగా కల్పించుచుండిన దోషమును తొలగించెను. ఆ నెల 3వ తేదీననే ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ అల్మర్ అనునాతడు మొదటి పెట్టెను దాచెను. భూస్వామి అనుమతి పొందియే దాచవలెననుట ఆ క్రీడకు గల నియమములలోనిదే.

మన సాలూరు వంటి చోట ఆ నియమము మర్యాద మాత్రమే కాదు, ప్రాణరక్షణము. ఇక్కడినుండి కొరాపుట్టునకు పోవు ఘాటుత్రోవలో, సుంకి దగ్గర, 2017 ఫిబ్రవరిలో మందుపాతర ప్రేలి ఒడిషా పోలీసులు పలువురు మరణించిరి. అట్టి త్రోవ ప్రక్క పొదలో ఇనుపడబ్బా కనబడినచో చూచినవాడు వినోదమని తలచునా? కొండపల్లెలలో చిల్లంగి భయము నేటికిని పూర్తిగా పోలేదు. ఎవరిదో తెలియని పెట్టె గట్టుమీద దొరికినచో అనుమానము పోయి యే నిరపరాధి నెత్తిపైనో పడును. లంకెబిందెల ఆశగలవారు గట్టునే త్రవ్విపోయుదురు. పెట్టె దాచినవాడు అప్పటికి ఏ పట్టణముననో సుఖముగా నుండును.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఉపనిధి యను మాట కలదు. లోపల నున్నదేమో చెప్పక, పేటికలో పెట్టి పరునిచేతి కప్పగించినది ఉపనిధి. దానికి గూడ పుచ్చుకొన్న చేయి యొకటి యున్నది. అతడు పుచ్చుకొన్న తరువాతనే కాపుదల అతనిపై పడును. అడుగక దాచిన పెట్టెకు ఆ చేయియే లేదు. భారము మాత్రము నేలగలవానిపై పడుచున్నది. అడుగకుండుటలోని అన్యాయము నాకు ఇందే కనబడుచున్నది.

ఎవరిని అడుగవలెను? కంచె లేనంతమాత్రమున బీడు ఎవరిదియు కాకపోదు. పట్టాభూమికి పట్టాదారుని, కౌలుకిచ్చిన పొలమైనచో దున్నువానిని గూడ అడుగవలెను. పోరంబోకునకు పంచాయతీవారిని, రెవిన్యూవారిని, అడవికి అటవీశాఖవారిని, గుడిమాన్యమునకు దాని అధికారులను అడుగవలెను. ఏజన్సీ గ్రామమైనచో గ్రామసభలో చెప్పుట యుచితము. షెడ్యూల్డు ప్రాంతములలో ఊరి ఆచారములను, ఉమ్మడి వనరులను కాపాడుకొను అధికారము గ్రామసభకు కలదని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది.

ఎట్లడుగవలెను? పెట్టెను తెరచి లోపలి దంతయు చూపవలెను. సర్వే నెంబరుతో చోటు చెప్పవలెను. వచ్చువారు ఏ త్రోవను నడతురో, పైరున్నప్పుడు రాకుండ ఎట్లు చేయుదురో, పెట్టెను ఎన్నడు తీసివేయుదురో, అవసరమైనప్పుడు ఎవరిని పిలువవలెనో కాగితముపై వ్రాసి యియ్యవలెను. నేల త్రవ్వవలసి వచ్చినచో అది వేరుగా అడుగవలెను. పోలీసుఠాణాకు గూడ ముందే తెలుపవలెను. “చూతములే” అనుట మనవైపు మొగమాటమునకు కాదనుటయే. దానిని అనుమతిగా గొనరాదు. ఇచ్చిన అనుమతిని వెనుకకు తీసికొనుటకు గూడ నేలగలవానికి హక్కు కలదు.

మీ యొద్దకు పిల్లలెవరైన ఇట్టి కోరికతో వచ్చినచో కసరి పంపకుడు. చోట్లు వెదకుచు కొండలు, వాగులు తిరుగుట మంచిదే. పెట్టె తెరచి చూపుమనుడు; పైన చెప్పిన ప్రశ్నలన్నియు నడుగుడు; ఒప్పుకొన్నచో ఊరివారికి తెలియజేయుడు. తెలియని పెట్టె కనబడినచో మాత్రము చేయి పెట్టక, పిల్లలను దూరముగా నుంచి, ఠాణాకు వర్తమానము పంపుడు.