పేరు వెనకాల రెండు ఇంటిపేర్లు

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌ను మనవాళ్లంతా 'మార్క్వెజ్' అనే రాస్తారు. నిజానికి అది తల్లి వైపు ఇంటిపేరు, తండ్రిది గార్సియా. స్పానిష్ మాట్లాడే దేశాల్లో చాలామందికి ఇంటిపేర్లు రెండు. ముందు తండ్రిది, తర్వాత తల్లిది. పెళ్లయినా ఆడమనిషి ఇంటిపేరు మారదు. మన దగ్గర పెళ్లితోనే పోతుంది గదా! అట్లాగని అక్కడ సమానత్వం ఉందనుకుంటే పొరపాటే. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కూడా ఆమె తండ్రి ఇంటిపేరే. మనవల తరానికి అదీ జారిపోతుంది. పుట్టినప్పుడే బిడ్డకు తల్లి ఇంటిపేరు ముందు పెట్టే వీలు స్పెయిన్‌లో 1999 చట్టం దాకా రాలేదు.

ఇక తల్లిదండ్రులెవరో తెలియని పిల్లల సంగతి. అనాథాశ్రమాల గుమ్మం దగ్గర వదిలేసిన బిడ్డలకు 'ఎక్స్‌పోసితో' అని ఇంటిపేరు తగిలించేవాళ్లు. అంటే, బయట వదిలేసిన బిడ్డ అని. అది వాళ్ల పిల్లలకూ దిగేది. పేరు చెప్పగానే పుట్టుక బయటపడేది. ఊళ్లో 'ఒరే' అనే పిలుపులు పడ్డవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఇంటిపేరు మార్చుకోవడానికి స్పెయిన్ చట్టం 1921లో దారి ఇచ్చింది.

ఫిలిప్పీన్స్‌లో ఇంకో తీరు. 1849లో స్పానిష్ గవర్నర్ క్లావెరియా ఇంటిపేర్ల జాబితా తయారుచేయించి ఊళ్లకు పంచాడు, పన్నుల లెక్క తేలడం కోసం. అల్బాయ్ రాష్ట్రంలోని ఓవాస్‌లో ఇప్పటికీ చాలా ఇంటిపేర్లు 'ర'తోనే మొదలవుతాయి.