రంగూనులో మా కాపురము

పరదేశమున కాపురమున్న తెలుగు కుటుంబము దినదినమును ఎట్లు గడపునో చెప్పుమని నన్ను కోరిరి. నేటి యువకులు చీనాదేశమునకును అమెరికాకును పోవుచున్నారు. వారి సంగతులు వారే చెప్పవలెను. నేనెరిగిన పరదేశము బర్మా. అందును నేను పుట్టిన రంగూను నగరము. ఇప్పుడు ఆ దేశమును మయన్మా రనియు, ఆ నగరమును యాంగో ననియు వ్యవహరించుచున్నారు. 1964లో, ఎనిమిదేండ్ల ప్రాయమున, నేను విశాఖపట్టణపు రేవున ఓడ దిగితిని. కావున ఇందులో కొంత కన్నది, కొంత మా అమ్మవలన విన్నది.

"రంగము వెళ్ళినాడు" అను మాట వినని వృద్ధుడు మన ఉత్తరాంధ్ర గ్రామములలో ఉండడు. 1852లో జరిగిన యుద్ధముతో రంగూను ఆంగ్లేయుల వశమయ్యెను. పిమ్మట ఐరావతీనది దిగువ భూములలో వరిసాగు పెరిగి, బియ్యపు మిల్లులకును ఓడరేవునకును కూలివాండ్రు కావలసివచ్చిరి. మేస్త్రీలు బయానా చేతిలో పెట్టి మనవారిని ఓడ యెక్కించిరి. తొలుత కోరంగిరేవునుండి పోయినందున అచ్చట తెలుగువానికి కోరంగీ యనియే పేరు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూనులో సగమునకు మించి భారతీయులే. అందరును సుఖపడి రనుకొనరాదు. 1930 మే నెలలో కూలి పెంపునకై రేవునందలి తెలుగుకూలీలు సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె తీరినంతనే వారిని పొమ్మనిరి. దానివలన పుట్టిన కలహములో ఎందరో ప్రాణములు కోల్పోయిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. లక్షల జనులతోపాటు మా తాతయు అడవులు కొండలు దాటి నడిచి వచ్చెను. దారిలో ఏమి జరిగెనో ఆయన ఎన్నడును నోరు విప్పి చెప్పలేదు. అయినను యుద్ధము ముగియగనే మా నాయన మరల రంగూనునకే పోయెను. ఒక తెలుగువర్తకుని బట్టలకొట్టులో గుమాస్తాపని దొరికెను.

మేమున్నది మేడమీది రెండుగదుల వాటా. క్రింద ఒక బర్మీయ కుటుంబము, ఎదుట చీనా వడ్రంగి. ఆ వడ్రంగితో మాటలు లేకున్నను నాకు బొంగరములు చెక్కి యిచ్చెడివాడు. క్రింది యిల్లాలిని మేము "కిందింటమ్మ" అని పిలిచెడివారము. మా అమ్మకు బర్మాభాష నేర్పిన గురువు ఆమెయే. మొదటి పాఠములు బజారు మాటలు: అన్నమునకు థమిన్, నీటికి యే, అంగడికి జే. కాపురమునకు పోయిన మొదటివారమున అమ్మకు ఏ కూరయు కొనబుద్ధికాక దిగులుపడెనట. ఒకనాడు కిందింటమ్మ వెంట అంగడికి పోగా, ఒక గంపలో ఎఱ్ఱకాడల ఆకుకూర కనబడెను. అది మన గోంగూర! బర్మీయులు దానిని చింబౌంగ్ అందురు. మనకంటె తక్కువ ప్రీతితో తినరు. "గోంగూర దొరికే ఊళ్ళో బతకలేమా!" అని ఆనాడు ధైర్యము తెచ్చుకొంటినని అమ్మ చెప్పెడిది.

దేనిని ఇంటిలోనికి రానీయవలెనో దేనిని రానీయరాదో నిర్ణయించినది అమ్మయే. ఉప్పు వేసి ఊరబెట్టిన చేపల ముద్ద నప్పి లేనిది బర్మీయులకు భోజనము లేదు. దాని వాసనకు అమ్మ తలుపు మూసెడిది. కాని తనాఖా అను చెట్టుబెరడును సానపై అరగదీసి చెక్కిళ్ళకు పూసికొను అలవాటును ఆనందముతో స్వీకరించెను. ఎండకు చల్లనగును. మా అప్పయు నేనును బర్మాపిల్లలవలెనే పసుపువన్నె చెక్కిళ్ళతో బడికి పోయెడివారము. ఇంటిలో మాత్రము తెలుగు తప్ప పలుకరాదు. సాయంకాలము దీపము పెట్టగానే నేలమీద బియ్యము పరచి గుణింతము దిద్దించెడిది.

బడిలో నాకు వేరొక పేరుండెను. మనము నక్షత్రపాదమునుబట్టి నామాక్షరము చూతుము గదా. వారు పుట్టిన వారమునుబట్టి చూతురు. నేను ఆదివారమున పుట్టినవాడను, ఆదివారమునకు అచ్చులు. కాబట్టి మాష్టరు నన్ను మౌంగ్ అవుంగ్ అని వ్రాసికొనెను. నాయనకు ఇది కష్టముగ నుండెను. "బడి గుమ్మం దగ్గిర తొడుక్కుని, గుమ్మం దగ్గిర విప్పేసే చొక్కా అనుకో" అని అమ్మ ఆయనకు నచ్చజెప్పెను.

ఇచ్చట పండితుడనుగా ఒక మాట చెప్పక పోలేను. బర్మాలిపి మన లిపివలెనే గుండ్రనిది; వర్ణమాల క ఖ గ ఘ ఙ అనియే మొదలగును. రెండును ప్రాచీన బ్రాహ్మీలిపి సంతతియే. అయితే వారు సకారము వ్రాసి థ యని చదువుదురు. రకారము వ్రాసి య యని చదువుదురు. ఏప్రిలు నడుమ వారు నీళ్ళు చల్లుకొను సంవత్సరాది పండుగ థింజాన్. వ్రాతలో చూచితిమా, అది మన సంక్రాంతి శబ్దమే! మేషసంక్రమణమే వారి పండుగ. కిందింటమ్మ మెట్లెక్కి వచ్చి మా అమ్మ భుజముపై వెండిగిన్నెతో నీరు పోయగా, అమ్మ ఆమెకు బొట్టు పెట్టెడిది.

1962 మార్చిలో సైన్యము ప్రభుత్వమును చేపట్టెను. 1964 మార్చి 19న రంగూనులోని దుకాణములు ప్రభుత్వపరమయ్యెను. నాయన కొలువు పోయెను. మే 17న ఏబది, నూరు చాట్ల నోట్లు చెల్లవనిరి. అమ్మ బియ్యపుడబ్బాలో దాచినవన్నియు నూరు చాట్ల నోట్లే. మార్చుకొనుటకు నాయన వరుసలో నిలిచి నిలిచి, కొంచెముతో తిరిగివచ్చెను. ఇక ప్రయాణమే. అప్పకు అప్పటికే మౌల్మేను తెలుగువారింటికి పెండ్లి చేసియుండిరి. బావ పొలము విడిచి రాననెను. ఓడ యెక్కునాడు అప్ప రేవునకు రాలేకపోయెను. కిందింటమ్మ వచ్చి, తన తనాఖా సానను గుడ్డలో చుట్టి అమ్మ చేతికిచ్చెను.

విశాఖలో కంచరపాలెమునందు బర్మానుండి వచ్చినవారికి బస యేర్పడెను. దానిని నేటికిని బర్మాక్యాంపు అందురు. అచ్చట అందరును అచ్చముగ తెలుగే మాటలాడుచుండగా, ఊరివారు మమ్ము బర్మావాండ్రనిరి! రంగూనులో కోరంగీలము, విశాఖలో బర్మావారము. బడిలో నన్ను ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టిరి. ఇంట రేఫను చక్కగ పలుకు నా నాలుక, పుస్తకము చేతికి రాగానే బర్మాబడి అలవాటున "యాముడు, యాజు" అని చదివెడిది. తరగతి యంతయు గొల్లుమనెడిది. అట్టివాడనే పిమ్మట తెలుగు పండితుడనై ముప్పదియేండ్లు పాఠములు చెప్పితిని. ఇక నప్పి గొడవ వినుడు. దాని వాసనకు తలుపు మూసిన అమ్మయే, కంచరపాలెమున రొయ్యపొట్టు దంచి ఉప్పులో ఊరవేసి, "కిందింటమ్మది ఇలా ఉండేది కాదు" అని పెదవి విరిచెడిది.

అప్పవద్దనుండి ఏడాదికొకటి రెండు ఉత్తరములు వచ్చెడివి, తెలుగులోనే. కొన్నియేండ్లకు ఒక ఉత్తరము బర్మాలిపిలో వచ్చెను. అమ్మ బర్మా మాటలాడగలదు కాని చదువలేదు. నేను కూడబలికి చదువ మొదలిడితిని. భాష బర్మా కాదు, తెలుగు! వ్రాసినది మా మేనకోడలు. తెలుగు వచ్చును, తెలుగు అక్షరము రాదు. పొలము సంగతి, పాడి సంగతి అయినవి. చివరిమాటలు చదివితిని: "అమ్మమ్మా, ఒక్కసారి యా."

"యా కాదు నాయనా" అని అమ్మ అందుకొనెను. "రా. రమ్మంటోంది."

అమ్మ పోలేకపోయెను. ఆ ఉత్తరమును ఆమె తనాఖా సానక్రింద దాచెను. ఆ సానపై మేమిప్పుడు గంధము తీయుచున్నాము.