కణం రెండుగా చీలేటప్పుడు మిగతా సామానంతా ఎక్కడికి వెళ్తుంది?



కణ విభజన పాఠం చదివిన మీ పిల్లల్ని అందులోని దశలేమిటో అడగండి. ప్రొఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్ అని గడగడా చెప్పేస్తారు. బొమ్మ కూడా వేసి చూపిస్తారు. ఆ బొమ్మలో క్రోమోజోములు, వాటిని లాగే కండె పోగులు తప్ప దాదాపు ఇంకేమీ ఉండవు. అప్పుడు ఇంకొక్క ప్రశ్న వేయండి: "మరి మైటోకాండ్రియా, గాల్జీ ఏమయ్యాయి?" చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మార్కులకు దశల పేర్లు సరిపోవచ్చు. పాఠం అర్థం కావాలంటే మాత్రం ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి.

మామూలప్పుడు ఎవరి చోటు వారిదే

కణంలోని భాగాలు ఎక్కడపడితే అక్కడ తేలుతూ ఉండవు. మన శరీర కణాలనే తీసుకుంటే, సాధారణంగా గాల్జీ కేంద్రకం పక్కనే ఉంటుంది. అంతర్జీవ ద్రవ్యజాలం కేంద్రకం పొర నుంచి కణం అంచుల దాకా వల పరిచినట్టు ఉంటుంది. శక్తినిచ్చే మైటోకాండ్రియా కణమంతా వ్యాపించి ఉంటాయి. వీటి స్థానాలను నిర్ణయించడంలో మైక్రోట్యూబ్యూల్స్ అనే ప్రోటీన్ పోగులది పెద్ద పాత్ర. వాటిని రైలు పట్టాలు అనుకోండి. వాటి మీద సరుకును ఎక్కువగా కైనెసిన్ అనే ప్రోటీన్ అంచువైపు, డైనీన్ అనే ప్రోటీన్ కణం మధ్యకు మోసుకెళ్తాయి.

విభజన దగ్గరపడితే

ప్రయోగశాలలో పెంచే మానవ కణాలు చాలావరకు సుమారు 24 గంటలకు ఒకసారి విభజన చెందుతాయి. అందులో అసలు విభజనకు పట్టేది సుమారు ఒక గంటే. అప్పుడు కణం పాత పట్టాలను విప్పేసి, ఆ ప్రోటీన్‌తోనే క్రోమోజోములను లాగే కండెను కట్టుకుంటుంది. కాబట్టి మిగతా సామాను సర్దుకోవాలి.

గాల్జీ చిన్న చిన్న ముక్కలవుతుంది. అలా ముక్కలవకుండా ప్రయోగశాలలో అడ్డుకుంటే, కణం విభజన మొదలుపెట్టడానికే ఆలస్యం చేస్తుంది. మైటోకాండ్రియా కూడా పొట్టి ముక్కలవుతాయి. కేంద్రకం పొర విడిపోయి ద్రవ్యజాలంలో కలుస్తుంది. ఆ జాలం కండెకు అడ్డురాకుండా దాని చుట్టూ సర్దుకుంటుంది. క్రోమోజోములు రెండు వైపులకూ చేరాక, అదే జాలం నుంచి రెండు కొత్త కేంద్రక పొరలు తయారవుతాయి. గాల్జీ ముక్కలు మళ్లీ ఒక్కటవుతాయి.

ముక్కలవడం దేనికి? ఒక్క 500 నోటును ఇద్దరికి పంచలేం, చిల్లర చేస్తే పంచవచ్చు. మైటోకాండ్రియా విషయంలో ఇది మరీ ముఖ్యం. తోడు లేకుండా పెరుగు తోడుకోనట్టే, పాత మైటోకాండ్రియా లేకుండా కొత్తవి పుట్టవు. అందుకే రెండు పిల్ల కణాలకూ కొన్నయినా దక్కాలి.

మరి ల్యాబ్‌లో ఉల్లి వేరు స్లైడ్ చూసినప్పుడు ఇవేవీ ఎందుకు కనిపించవు? అక్కడ వాడే ఎసిటోకార్మైన్ రంగు ముఖ్యంగా క్రోమోజోములకే పడుతుంది. కనిపించనంత మాత్రాన లేవని కాదు.

ఇది మనకెందుకు?

మన ఇళ్ల ముందు పూసే బిళ్ళ గన్నేరు మొక్క నుంచే విన్‌క్రిస్టిన్ అనే మందు వచ్చింది. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కు డాక్టర్లు దీన్ని వాడతారు. ఇది ఆ ప్రోటీన్ పట్టాలు కట్టుకోకుండా ఆపుతుంది. దాంతో క్యాన్సర్ కణం విభజన మధ్యలోనే చిక్కుకుపోతుంది. అయితే నరాల కణాలు తమ పొడవాటి తంతువుల్లో సరుకు రవాణాకు ఇవే పట్టాలను వాడుకుంటాయి. ఈ మందు తీసుకునేవారికి చేతులు, కాళ్లు తిమ్మిరెక్కడానికి ఇదొక కారణం. ఒక్క మాట: ఈ మొక్క విషపూరితం. దీన్ని ఇంటి వైద్యానికి వాడకండి.

ఈ ఆదివారం పది నిమిషాలు

ఒక తెల్ల కాగితం ఇచ్చి, నాలుగు దశల బొమ్మలు వేయమనండి. క్రోమోజోములకు ఒక రంగు, మైటోకాండ్రియాకు ఇంకొకటి, గాల్జీకి మరొకటి. తర్వాత దాన్ని మీకు తెలుగులో వివరించమనండి. మీరు తెలుగు మీడియంలో చదివినా, సైన్స్ చదవకపోయినా ఫర్వాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగారంటే పాఠం వచ్చినట్టే. ఎక్కడైనా ఆగిపోతే ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసి పంపండి, క్లాసులో మాట్లాడుకుంటాం.


మీ పిల్లల బయాలజీ టీచర్