పాత ఇంటి పూర్వచరిత్ర – అన్వేషణ మార్గములు

రాజులకు శాసనములు కలవు. గ్రామములకు కైఫీయతులు కలవు. సామాన్యుని ఇంటికి చరిత్ర కలదా? కలదనియు, దానిని వెదకు మార్గములు కూడ కలవనియు విద్యార్థులకు తెలుపుటయే మా ఉద్దేశము.

అమరావతినే ఉదాహరణముగా గైకొందము. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుండి ఇచ్చటికి మార్చి కొత్త పట్టణమును నిర్మించెను. ఆ కట్టడములకై దీపాలదిన్నెను త్రవ్వి ఇటుకలను, రాళ్లను తరలించిరి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచి, అచ్చటి శిల్పముల ప్రాచీనతను గుర్తించెను. అవి బౌద్ధస్తూపమునకు చెందినవి. కావున ఈ ఊరిలో ఒక పాత గోడలోని రాయి, ఆ ఇంటి మొదటి యజమానికంటె ఎన్నో శతాబ్దములు పెద్దది కావచ్చును. రాయి వయస్సు ఇంటి వయస్సు కాదు. దానిని కాగితములే చెప్పవలెను.

మొదట చూడవలసినది ఇంటిలోని దస్తావేజుల పెట్టె. విక్రయ పత్రములో ధరకంటె చెక్కుబందీ ముఖ్యము. ఇంటి నంబరులు మారును గాని, తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఎవరి దొడ్డి అను వివరము మారక నిలుచును. మన పత్రము పోయినను, పొరుగువారి పత్రములోని హద్దులలో మన ఇంటి ఆనాటి యజమాని పేరు దొరకును.

పిమ్మట రిజిస్ట్రారు కార్యాలయము. 1860వ దశకము నుండి మన ప్రాంతమున దస్తావేజుల రిజిస్ట్రేషను సాగుచున్నది. స్థిరాస్తి పత్రములు ఒకటవ పుస్తకములో నకలగును. వానికి వ్యక్తుల పేర్లనుబట్టి ఒక సూచిక, ఆస్తినిబట్టి మరొక సూచిక కలవు. ఒక జాగ్రత్త అవసరము. గుంటూరు జిల్లా 1859లో రద్దయి, 1904లో మరల ఏర్పడినది. ఆ మధ్యకాలపు కాగితములు కృష్ణా జిల్లా పేరిట ఉండును. 2022 నుండి అమరావతి పల్నాడు జిల్లాలో చేరినది. ఇక ఊరిలోని ఇండ్లు గ్రామకంఠములో ఉండుటచే అడంగలులో పేర్లు కానరాకపోవచ్చును. అందుకు పంచాయతీ ఇంటిపన్ను పుస్తకములను చూడవలెను.

పుస్తకములో పేరు లేనంత మాత్రమున ఇల్లు చేతులు మారలేదని తలపరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలకు లోబడిన విక్రయమును, స్వాధీనము అప్పగించుటతోనే ముగింపవచ్చును. ముస్లిం కుటుంబములలో హిబా నోటిమాటతో, స్వాధీనముతో చెల్లును. మరియొక సంగతి. తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు ఇల్లు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కాని ముస్లిం ధర్మశాస్త్రము ప్రకారము కుమార్తెకు కుమారుని వాటాలో సగము, సంతానము గల భర్త మరణించినచో భార్యకు ఎనిమిదవ వంతు చెందవలెను. ఆ స్త్రీలు వాటా పొందిరా, వదలుకొనిరా? పంపక పత్రములో, హక్కు విడుదల పత్రములో ఒక వ్రేలిముద్రయే దానికి సాక్ష్యము.

అద్దెదారుల జాడ మరింత కష్టము. పూర్వము ఏడాదికి మించిన అద్దె ఒప్పందము రిజిస్టరు కావలసియుండెను; నెలసరి అద్దెకు ఆ నిర్బంధము లేకుండెను. మిరప, పత్తి వ్యాపారమునకు వచ్చినవారు, ఉపాధ్యాయులు, కూలీలు ఒక గదిలో పదేండ్లు కాపురముండి వెళ్లినను దస్తావేజులలో కానరారు. వారిని ఓటర్ల జాబితాలలో, బడి ప్రవేశ పుస్తకములలో, పాత ఉత్తరముల చిరునామాలలో, కోర్టు దావాలలో, వృద్ధుల జ్ఞాపకములలో వెదకవలెను.

ఇది కేవలము కాలక్షేపము కాదు. రాజధానికై సమీప గ్రామములలో భూసమీకరణ జరిగినప్పుడు, భూమి గలవారికి ప్లాట్లు, వార్షిక కౌలు. భూమిలేని కుటుంబములకు ఆరంభములో నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించిరి. పట్టా గలవాడు పట్టా చూపును. ఆ ఊరిలోనే బ్రతికిన కూలి ఏమి చూపును? నివాసమునకు ఆధారమెంత విలువైనదో ఇట్టి వేళ తెలియును.

కావున ప్రతి విద్యార్థియు సెలవులలో తన వీధిలోని ఒక పాత ఇంటిని ఎన్నుకొని, ఇంటివారి అనుమతితో పేర్లను, సంవత్సరములను వ్రాసికొనవలెనని కోరుచున్నాము. మూలపత్రములను తీసికొనరాదు, నకలు చాలును. యజమానుల వరుస ప్రక్కనే అద్దెదారుల వరుసను, కుమారుల ప్రక్కనే కుమార్తెల పేర్లను వ్రాయవలెను. కళాశాల సంఘమువారు గ్రంథాలయములో వీనికొక బీరువా కేటాయించినచో, పాత ఇండ్లు కూలినను వానిలో నివసించినవారి పేర్లు మిగులును.