జీవాల కంట్లో పువ్వు

గొర్రెలకు వచ్చే అంటు కండ్లకలక ఒక జీవంతో మొదలై కొద్ది వారాల్లో మందంతా పాకుతుంది. దీనికి ప్రధాన కారణం మైకోప్లాస్మా కంజంక్టివే అనే సూక్ష్మజీవి. క్లమీడియా వల్ల కూడా ఈ జబ్బు రావచ్చు. మొరాక్సెల్లా వంటి బ్యాక్టీరియా తోడైతే కంటి మీద పడే పుండు ముదురుతుంది.

మొదట కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. జీవం ఎండను చూడలేక కళ్లు చికిలిస్తుంది. ఆ నీరు చిక్కబడి పుసి కడుతుంది, దానికి దుమ్ము అంటి కంటి కింది బొచ్చు అట్టకడుతుంది. తర్వాత నల్లగుడ్డు మీది తేటపొర మసకబారి నీలంగా, తెల్లగా మారుతుంది. పువ్వు పడిందని అనేది దీన్నే. కంటి అంచు నుంచి ఆ పొర మీదికి సన్నని ఎర్రని నాళాలు పాకడం చూసి చాలామంది జబ్బు ముదిరిందనుకుంటారు. నిజానికి పుండును మాన్పడానికి శరీరం పంపే రక్తనాళాలవి. ఎక్కువ జీవాలకు రెండు మూడు వారాల్లో చూపు తిరిగి వస్తుంది. పుండు లోతుకు దిగి గుడ్డు పగిలితే మాత్రం ఆ కన్ను పోయినట్టే.

ఈ జబ్బుతో చావులు అరుదు, నష్టమంతా మేత తగ్గడం వల్లే. రెండు కళ్లూ కనబడని జీవం మందతో నడవలేక చిక్కిపోతుంది. ఐరోపాలోని ఆల్ప్స్ కొండల్లో ఇదే జబ్బు సోకిన షమువా అనే అడవి జీవాలు చూపు లేక లోయల్లో పడి చనిపోతుంటాయి.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.9 కోట్ల గొర్రెలున్నాయి. ఈ లెక్కలో దేశంలో మొదటి స్థానం మనదే. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జీవాలను తెచ్చారు, అలా బయటి నుంచి వచ్చే జీవాలతో జబ్బూ రావచ్చు. మేత నేల తగ్గడం ఇంకో ఇబ్బంది: 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక ఆ మండలంలోని పాల్మాకుల పరిసరాల్లో వెంచర్లు పెరిగాయి, బీళ్లు తగ్గాయి. మిగిలిన కాస్త చోటులో మందలు కలిసి మేస్తే జబ్బు తేలిగ్గా అంటుకుంటుంది. ఈగలు, దుమ్ము, ఒకే దాణా తొట్టి దానికి తోడవుతాయి. జియాగూడ వంటి మార్కెట్లలో ఎక్కడెక్కడి జీవాలో ఒకచోట చేరతాయి. కన్ను తేటగా కనిపించే జీవం కూడా క్రిమిని మోస్తుండవచ్చు.

జబ్బు జీవాన్ని విడదీసి నీడలో కట్టి, మేత, నీళ్లు మూతి దగ్గరే పెట్టాలి. పుసిని శుభ్రమైన ఉప్పునీటితో కడిగి చేతులు కడుక్కోవాలి. మైకోప్లాస్మాకు కణగోడ ఉండదు కాబట్టి, ఆ గోడ మీదే పనిచేసే పెన్సిలిన్ దీనికి పనికిరాదు. పశువైద్యులు ఆక్సీటెట్రాసైక్లిన్‌ను ఆయింట్‌మెంటుగానో ఇంజెక్షన్‌గానో వాడతారు. ఇంజెక్షన్ చేసిన జీవాన్ని వైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా కోతకు అమ్మకూడదు. పుండున్న కంట్లో స్టెరాయిడ్ చుక్కలు వేయకూడదు. పొగాకు, కారం, నాటు పసర్లు పుండును ఇంకా రేపుతాయి.

కంటినీరు కనిపించినంత మాత్రాన కలకేనని తేల్చకూడదు. ఒక్క కంటికే నీరు కారుతుంటే గడ్డినలుసు పడిందేమో రెప్ప ఎత్తి చూడాలి. జ్వరం, ముక్కు చీమిడి, పారుడు కూడా ఉంటే పీపీఆర్ జబ్బు కావచ్చు, మూతి వాచి కుంటుతుంటే నీలినాలుక జబ్బు కావచ్చు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు చెప్పాలి.

గొర్రెల కలకకు ఇక్కడ టీకా లేదు. కొత్తగా కొన్న జీవాలను రెండు మూడు వారాలు విడిగా ఉంచడం, దొడ్డిలో పేడ, పెంటికలు ఎత్తేసి ఈగలను తగ్గించడం, తొట్ల దగ్గర ఇరుకు లేకుండా చూడడం దీనికి నివారణ. ఒకసారి తగ్గిన జీవానికి కలక మళ్లీ రావచ్చు కనుక ఈ జాగ్రత్తలు ఏడాది పొడవునా పాటించాలి.